దూకిన మాట నిజమే

తీర్పు విన్న రోజున మా ఆయన యానాం కోర్టు మెట్లు దిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, వానలో రోడ్డు దాకా నడిచి వెళ్లిపోయాడు. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తాను నేను. ఏడాది జైలు. ఆషాఢం వచ్చి రెండు రోజులే అయింది.

లాయరుగారు గొడుగు కింద నిలబడి చెప్పారు. "పై కోర్టుకి వెళ్లాలంటే ముప్పై రోజులు టైముందమ్మా. అందాకా బెయిలిచ్చారు. వెళ్లకపోతే లొంగిపోవాలి." మాట్లాడింది నాతోనే గానీ, ఆయన చూసింది మాత్రం పాపారావుగారి ముఖం. ఆ లాయర్ని పెట్టింది పాపారావుగారే. ఈ కేసుకి కారణమైన షికారు పడవ ఆయనది. దాన్ని నడిపింది మా ఆయన వీరబాబు.

పాపారావుగారు నన్ను పక్కకి పిలిచారు. "రమణమ్మా, ఏడాదంటే ఎంత? చూస్తుండగానే అయిపోద్ది. నువ్వున్న గదిలో నువ్వుండు. వాడొచ్చాక వాడి పని వాడికుంటది. పై కోర్టులూ పాండిచ్చేరీ అని తిరక్కండి. పోగొట్టుకునేది మీరే."

"అలాగేనండి" అన్నాను. ఇరవై ఏళ్లుగా ఆయన ఏం చెప్పినా నా నోటికి అలవాటైన జవాబు అదొక్కటే. నా కాన్పు కష్టమైననాడు తన కారిచ్చి కాకినాడ పంపింది ఆయనే. మేముంటున్న రేవు పక్క గది ఆయనదే. ఆయన చెడ్డవాడని ఆ రోజు నాతో ఎవరైనా అంటే నేనే కొట్లాటకి వెళ్లేదాన్ని.

రెండేళ్ల కిందట కార్తీకమాసం ఆదివారం నాడు ఆ పడవ వంతెన స్తంభాన్ని గుద్దుకుంది. పడవెక్కినవాళ్లు పదకొండు మంది. మా ఆయన చక్రం తిప్పుతున్నా పడవ తిరగలేదు. పక్కకి ఒరిగి, మళ్లీ లేచి, ఇసుక మేటకి తగులుకుని ఆగిపోయింది. పదిమందికి ఏం కాలేదు. కాకినాడ జగన్నాథపురం నుంచి స్నేహితురాళ్లతో వచ్చిన జాస్మిన్ అనే నర్సు పిల్ల మాత్రం ఒరిగినప్పుడే నీళ్లలో పడింది. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్లు. మా ఆయన దూకి చెయ్యి పట్టుకున్నాడు. వడిలో ఆ చెయ్యి జారిపోయింది. మర్నాడు దొరికింది ఆ పిల్ల.

ఆ రోజు నుంచి మా ఆయన ఇంట్లో ఉన్నాడంటే ఉన్నాడు. అడిగితే తింటాడు, అడక్కపోతే కూర్చుంటాడు. కోర్టుకి రమ్మంటే వెళ్లి నిలబడేవాడు. ఏడాది పడిందని విన్నాక ఆ మొహంలో నాకు కనిపించింది బాధ కాదు. మోస్తున్న బరువు దించుకోవడానికి చోటు దొరికినవాడిలా ఉన్నాడు. దాంతో నాకు భయం పట్టుకుంది.

*

తీర్పు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వారం తిరిగాక కోర్టులో నకలు చేతికొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మెట్టకూరు వెళ్లాను. అక్కడ ఎస్తేర్‌రాణి టీచరుగారుంటారు. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయికి బళ్లో చదువు చెప్పిన మనిషి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క పేజీ చదివి తెలుగులో చెబుతూ పోయారు. మధ్యలో ఒకచోట ఆగిపోయారు.

"ఏంటండీ?"

"ఏం లేదు రమణమ్మా. ముందుకెళ్దాం."

"ఆగింది ఎందుకో చెప్పండి. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు."

ఆవిడ వేలు పెట్టి నెమ్మదిగా చదివారు. "ముద్దాయి ఆపద సమయంలో పడవను, ప్రయాణికులను వదిలేసి నీళ్లలోకి దూకి తన ప్రాణం కాపాడుకున్నాడు."

ఇంకోసారి చదవమన్నాను. చదివారు. ఏడాది జైలు అని విన్నప్పుడు కూడా నాకు అంత మంట పుట్టలేదు.

"జడ్జిగారికి ఎవరు చెప్పారండీ ఈ మాట?"

"ఎవరూ చెప్పలేదు. దూకాడని అందరూ చెప్పారు. ఎందుకు దూకాడో ఎవరూ చెప్పలేదు. మీ లాయరు ఒక్క ప్రశ్న కూడా వేసినట్టు లేదు" అని ఆవిడ కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పారు. "ఇదిగో, ఇంకోటి చూడు. పడవని పరీక్ష చేసిన ఇంజనీరు రిపోర్టు. చుక్కానిని పట్టి ఉంచే పిన్ను అరిగి విరిగిందంట. అరుగుదల పాతదంట. దీని మీదా ఎవరూ ఏమీ అడగలేదు."

చుక్కాని పాడైతే బాగుచేయించాల్సింది ఓనరు. ఓనరు పెట్టిన లాయరు ఓనరు గురించి ఎందుకడుగుతాడు? ఇంత చిన్న సంగతి రెండేళ్లుగా నాకు తోచలేదు. తోచనివ్వలేదేమో నేనే. ఆ గది, ఆ కారు, ఆ "అలాగేనండి" అన్నీ అడ్డం నిలబడ్డాయి.

"టీచరుగారూ, మాకు వేరే లాయరు కావాలండి. మాకోసం మాట్లాడేవాడు."

ఆ ఒక్క వాక్యం గురించి మాత్రం మా ఆయనకి చెప్పకూడదనుకున్నాను. అసలే సగం చచ్చిన మనిషి.

*

పై కోర్టుకి వెళ్దామన్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఓ మనిషి పోయింది రమణా. ఏడాది కూర్చుంటే అరిగిపోతానా?"

"పిన్ను విరిగిందంట కదయ్యా. నీ తప్పేముంది?"

నా వైపు చూసి మళ్లీ గోడవైపు తిరిగిపోయాడు. "నీకు తెలీదులే" అన్నాడు.

నేను కాకినాడ వెళ్లాను. మాకు ఆస్పత్రైనా, బట్టలైనా, సినిమా అయినా కాకినాడే. లాయరు కూడా అక్కడే దొరుకుతాడనుకున్నాను. పెద్ద పేరున్న ఒకాయన కాగితాల మొదటి పేజీ చూసి నవ్వేశారు. "మీది యానాం కదమ్మా! యానాం పాండిచ్చేరి కిందకొస్తుంది, మీ కేసు వెళ్లేది అక్కడికే. నేనిక్కడ ఎంత అరిచినా అక్కడికి వినపడదు." బస్సులో గంట దూరం ఊళ్లో ఉన్నవాడు నాకు పనికిరాడు, రైల్లో ఓ పగలూ రాత్రీ దూరంలో ఉన్నవాడు కావాలి. పాండిచ్చేరి లాయరొకరి నంబరు సంపాదించి ఫోన్ చేస్తే ఆయన తమిళంలో మాట్లాడారు, నేను తెలుగులో మాట్లాడాను. ఇద్దరం "సరే సరే" అనుకుని పెట్టేశాం.

నాలుగు రోజులకి ఎస్తేర్ టీచరుగారే కబురు పంపారు. మా పక్కనే ఉన్న అడవిపొలం ఊరి పిల్ల సత్యశ్రీ, ఆవిడ దగ్గర చదువుకున్నదే, ఆరేళ్లుగా పాండిచ్చేరిలో లాయరుగా చేస్తోందట. ఫోన్ కలిపారు.

"పిన్నిగారూ, కాగితాలు ఫొటోలు తీసి టీచరుగారి చేత పంపించండి" అంది ఆ పిల్ల. ఆ గొంతులో మా ఊరి సాగదీత వినపడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు మళ్లీ ఫోన్ చేసింది. "వేయదగ్గ అప్పీలేనండి. ఫీజు గురించి ఇప్పుడు మాట్లాడొద్దు. గడువు లోపల బాబాయ్‌గారిని తీసుకుని రండి. వకాల్తా మీద ఆయనే సంతకం పెట్టాలి."

అంతలో గోదావరి వచ్చేసింది.

ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, మర్నాటికి రెండోది. రేవు వీధిలోకి ముందు బురద నీళ్లు, తర్వాత మోకాళ్ల లోతు వరద. గిన్నెలూ గుడ్డలూ మంచం మీదకెక్కించి, కోర్టు కాగితాలు మాత్రం నడుముకి కట్టుకుని మెట్టకూరు తీసుకెళ్లి టీచరుగారి మేడ మీద దాచొచ్చాను. బస్సులు ఆగిపోయాయి. తొమ్మిది రోజులు అలా నీళ్లపాలయ్యాయి. గోడ మీద క్యాలెండరు చూసి, గడువుకి ఎన్నాళ్లుందో రోజూ వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే గోదావరి మధ్య లంకల్లో చిక్కుకున్నవాళ్లని తేవడానికి పడవ తెలిసినవాళ్లు కావాలని మైకులో పిలిచారు. మా వీధి మగవాళ్లంతా వెళ్లారు. మా ఆయన లైసెన్సు కోర్టు కేసుతోనే పోయింది. గట్టు మీద నిలబడి, వచ్చే పడవల తాడు అందుకుని కట్టడం, మళ్లీ విప్పడం, అదే చేశాడు పొద్దున్నుంచీ. ఒక ముసలమ్మని దింపుతుంటే చెయ్యందించబోయి, అందించకుండా వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్నవాడు దింపాడు. నేను చూశానని ఆయనకి తెలియదు.

వరద తీసిన మర్నాడు పాపారావుగారు వచ్చారు. గదిలో బురద చూసి, "మనిషిని పంపి కడిగిస్తాను" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పాండిచ్చేరి లాయరమ్మతో మాట్లాడుతున్నావంట?"

"మాట్లాడానండి."

"ఎవరు నేర్పారమ్మా నీకివన్నీ? ఇరవై ఏళ్లు మన పడవ మీద బతికిన మనుషులు మీరు. అక్కడికెళ్లి పడవ బాగాలేదని చెబితే ఎవరి మీదకొస్తది?"

నేను చీపురు పక్కన పెట్టాను. "పడవ బాగుందాండీ?"

పాపారావుగారు మా ఆయన వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అన్నారు.

"నేను లొంగిపోతానండి" అన్నాడు మా ఆయన.

పాపారావుగారు లేచి మా ఆయన భుజం తట్టి వెళ్లిపోయారు. నేను బురద ఊడ్చడం మొదలుపెట్టాను. గుమ్మం దాకా ఊడ్చి అప్పుడన్నాను. "ఎల్లుండి రైలు. నువ్వు సంతకం పెట్టకపోతే పెట్టకు. నాకు అరవం రాదు, ఒక్కదాన్నే ఎప్పుడూ కాకినాడ దాటలేదు. తోడు వస్తావా, ఒక్కదాన్నే పొమ్మంటావా?"

నా చేతిలో చీపురు తీసుకుని, "ఎన్ని గంటలకి?" అన్నాడు.

*

కాకినాడలో మధ్యాహ్నం ఎక్కితే పాండిచ్చేరిలో మర్నాడు దిగాం. గడువుకి ఇంకా మూడు రోజులున్నాయి. సత్యశ్రీ ఆఫీసు ఒక మేడ మీద ఇరుకు గది. బయట గుమాస్తా తమిళంలో మాట్లాడుతున్నాడు, వీధి బోర్డులు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా ఇదీ మన రాష్ట్రమే అంటారు. ఆ పిల్ల ఎదురొచ్చి, "బాబాయ్‌గారూ, వరదకి ఇల్లెలా ఉందండి?" అని అడిగితే గానీ మా ఆయన తలెత్తలేదు.

వకాల్తా కాగితం ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"దీని పోరు పడలేక వచ్చానమ్మా. నాకు అప్పీలు వద్దు. తప్పు నాదే."

"మీరు వద్దంటే నేను వేయనండి" అంది సత్యశ్రీ. "కానీ ఇంత దూరం వచ్చారు. ఆ తీర్పులో ఏముందో విని వెళ్లండి. ఒప్పుకునేది ఏదో తెలిసి ఒప్పుకోండి."

చదవడం మొదలుపెట్టింది. ఆ వాక్యం ఎన్నో పేజీలో ఉందో నాకు తెలుసు. ఆ పేజీ తిప్పుతున్నప్పుడు, వద్దమ్మా అని అనబోయాను. అనలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

"...పడవను, ప్రయాణికులను వదిలేసి నీళ్లలోకి దూకి తన ప్రాణం కాపాడుకున్నాడు."

"ఏంటమ్మా?" అన్నాడు మా ఆయన.

సత్యశ్రీ మళ్లీ చదివింది.

"దూకిన మాట నిజమే" అన్నాడు. "దూకాను. ఆ పిల్ల పడింది. పిల్ల వెనకాల దూకాను. వదిలేసి కాదు."

"మరి కోర్టులో చెప్పలేదేమండీ?"

"ఎవరడిగారమ్మా? ఏం చేశావంటే దూకానన్నాను. ఎందుకు దూకావని ఎవరూ అడగలేదు." "వాళ్లమ్మ ఆ రోజు కోర్టులోనే ఉంది. ఈ మాట ఆవిడ విందా?"

"విని ఉంటారండి. తీర్పు ఆవిడకీ ఇస్తారు."

మా ఆయన లేచి కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాడు. కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. సత్యశ్రీ వేరే కాగితం తీసి, జాస్మిన్ స్నేహితురాలు ఇచ్చిన సాక్ష్యంలో ఒక లైను కింద గీత గీసింది. డ్రైవరు కూడా జాస్మిన్ పడిన వైపే దూకాడని ఆ అమ్మాయి చెప్పింది. అది పట్టించుకున్నవాళ్లు లేరు.

మా ఆయన వచ్చి కూర్చున్నాడు. "సంతకం పెడతాను. కానీ ఇంకో మాట కూడా రాయాలి. పిన్ను అరిగిందని నాకు శుక్రవారమే తెలుసు. ఓనరుగారికి చెప్పాను. ఆదివారం జనం ఎక్కువ వస్తారు, అది అయ్యాక చూద్దామన్నారు. సరేనన్నాను. తెలిసే తీశానమ్మా పడవ."

నీకు తెలీదులే అని గోడవైపు ఎందుకు తిరిగాడో అప్పుడర్థమైంది నాకు.

"బాబాయ్‌గారూ, అది మీ నోటితో మీరే రాయిస్తే మీకే దెబ్బండి" అంది సత్యశ్రీ. "దాని అవసరం లేకుండానే నేను వాదించగలను. పూర్తిగా విడుదలయ్యే అవకాశం కూడా ఉంది."

"అది రాస్తేనే సంతకం."

ఆ పిల్ల నావైపు చూసింది. చెప్పండి పిన్నిగారూ అన్నట్టు. మా ఆయన్ని ఇంట్లో ఉంచుకోవాలనే కదా, వరదలో కాగితాలు నడుముకి కట్టుకుని తిరిగాను! వద్దని నేనంటే ఆయన వినేవాడేమో. ఆయన నావైపు చూడకుండా పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన చెప్పినట్టే రాయమ్మా" అన్నాను.

సత్యశ్రీ కాగితం దగ్గరికి లాక్కుంది. "సరేనండి. తప్పు లేదని అడగను. ఎంత తప్పుందో అంతకే శిక్ష వేయమని, లేని తప్పు తీసేయమని, మిగతా వాటా ఎవరిదో తేల్చమని అడుగుతాను" అంది. మా ఆయన సంతకం చేశాడు. ఇరవై తొమ్మిదో రోజున అప్పీలు పడింది. కేసు తేలేదాకా శిక్ష ఆపుతూ ఆర్డరొచ్చింది.

*

యానాంలో దిగిన సాయంత్రమే గది తాళం చెవి పట్టుకుని పాపారావుగారింటికి వెళ్లాను. ఆయన అడిగేదాకా ఆగితే అది ఆయన మాటవుతుంది. ముందు ఇస్తే నా మాటవుతుంది.

"నా మీద వేశారంట కదా" అన్నారు, అరుగు మీద కూర్చునే.

"మీ మీద కాదండి. జరిగింది రాయించాం. అందులో మీరూ ఉన్నారు."

"నీ కాన్పు రోజున కారు నేను పంపకపోతే..."

"బతికేదాన్ని కాదండి. అది మరిచిపోలేదు. ఎవరడిగినా చెబుతాను. అదీ చెబుతాను, ఇదీ చెబుతాను." తాళం చెవి అరుగు మీద పెట్టాను. ఆయన దానివైపు చూశారు గానీ తీసుకోలేదు. నేను వచ్చేశాను.

మెట్టకూరులో టీచరుగారి ఎరుకలో ఒక రేకుల ఇల్లు దొరికింది. మా ఆయన మా మేనమామగారి వల పడవలో కూలికి కుదిరాడు. నేను పొద్దున్నే చేపల గంప ఎత్తుకున్నాను. రేవులో కొందరు మాతో మాట్లాడడం మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు. శ్రావణం అలా గడిచింది.

పై కోర్టు తీర్పు రావడానికి ఇంకో వానాకాలం పట్టింది. సత్యశ్రీ ఫోన్‌లో చెప్పింది. పడవ బాగాలేదని తెలిసి తీసిన తప్పు తప్పేనన్నారు. జైలు తీసేసి, సత్ప్రవర్తన పూచీ మీద విడిచిపెట్టారు. వదిలేసి దూకాడన్న మాట సాక్ష్యానికి విరుద్ధమని కొట్టేశారు. పడవ యజమానిని విచారించకపోవడం సరికాదని రాశారు. ఆ విచారణ ఇప్పటికీ సాగుతూనే ఉంది.

మా ఆయన వల పక్కన పెట్టి అంతా విన్నాడు. లోపలికెళ్లి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"జగన్నాథపురం. నువ్వు కూడా రా."

ఆ ఇల్లు వెతుక్కోవడానికి గంట పట్టింది. సందు చివర, నీలం గేటు. జాస్మిన్ వాళ్లమ్మ లిదియాగారు తలుపు తీసి, గేటు దాకా వచ్చి మమ్మల్ని గుర్తుపట్టారు. గేటు గడియ మీంచి చెయ్యి తీయలేదు. 

"తీర్పు నాకూ పంపారు" అన్నారు. "ఏ మాట నిజమో నాకెలా తెలుస్తుంది? మొదట ఒకటి రాశారు, ఇప్పుడింకోటి రాశారు."

"నేను చెబుతానండి" అన్నాడు మా ఆయన. "విన్నాక మీరు తిట్టినా సరే, కొట్టినా సరే."

ఆవిడ గడియ తీశారు. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలుంటే ఒకటి ఆయనకి చూపించి, రెండోదానిలో తాను కూర్చున్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. మా ఆయన ఆదివారం నుంచి మొదలుపెడతాడనుకున్నాను.

"శుక్రవారం పొద్దున, పడవ కడుగుతుంటే చూశానండి" అన్నాడు.